బరువు గుండు, నెమ్మది మందు

కన్నబాబుకి పెళ్ళాం మీద కుళ్ళు. ఇందులో దాచేదేమీ లేదు, అవాలిలో బాబా బంగళా తోటమాలి దగ్గర్నుంచి పక్కింటి శ్రీలంక ఆయా దాకా అందరికీ తెలిసిందే. పెళ్ళాం పుట్టింటివాళ్ళ గొప్ప చూసి ఒళ్ళు మండే మొగుళ్ళున్నారు, పెళ్ళాం జీతం చూసి ముడుచుకుపోయే మొగుళ్ళున్నారు. తుపాకీ మందు తూచడంలో పెళ్ళాం చెయ్యి తనకన్నా నిలకడగా ఉందని కుళ్ళిపోయే మొగుణ్ణి మాత్రం బహ్రెయిన్ దీవి మొత్తం గాలించినా ఇంకొకణ్ణి చూపించలేం.

బాబా అంటే వాళ్ళ కఫీల్, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. ఆయిల్ కంపెనీలో ఇంజినీరుగా చేసి రిటైరైన పెద్దమనిషి. పనివాళ్ళు ఆయన్ని బాబా అనీ ఆయన భార్యని మామా అనీ పిలుస్తారు. ఆ ఇంట్లో కన్నబాబు డ్రైవరు, అతని భార్య వీరదుర్గ వంటమనిషి. ఇద్దరిదీ తాళ్ళరేవు పక్కన ఊరు. మొగుడూ పెళ్ళాలకి ఒకే ఇంట్లో పని, వెనక ఒక గది, ఏసీ. గల్ఫ్‌లో ఇంతకన్నా అదృష్టం ఎవరికుంటుంది? కన్నబాబు కూడా అదే మాట అనేవాడు, కిందటి చలికాలం దాకా.

బాబాకి ఉన్న ఒకే ఒక్క పిచ్చి వేట. ఏడాదికోసారి ఎక్కడో మంచుదేశం వెళ్ళి, కొండల మీద కొమ్ములు తిరిగిన అడవిమేకని కొట్టి వస్తాడు. తుపాకులు ఊరికి దక్షిణాన ఎడారిలో ఉన్న క్లబ్బు లాకర్లోనే ఉంటాయి. తూటాలు చేసుకోవడానికి మాత్రం పర్మిట్ తీసుకుని ఇంటి వెనక చిన్న గదిలో బల్ల పెట్టుకున్నాడు. "దుకాణంలో దొరికే తూటా అందరికీ కలిపి కుట్టిన చొక్కా. నా తుపాకీకి నేనే కొలతలు తీసి కుట్టుకోవాలి" అంటాడు. హిందీ, అరబ్బీ కలిపి చెప్పినా ఆయన మాటలు వీళ్ళకి బాగానే అర్థమవుతాయి.

పేలిన ఇత్తడి డొప్పని కడిగి, మూతి సాపు చేసి, అడుగున ప్రైమర్ అనే చిన్న బిళ్ళ నొక్కి, లోపల తూచిన మందు పోసి, మూతికి గుండు బిగించాలి. అదీ పని. ఆ పనిలో బాబాకి సాయం కన్నబాబు. చాలా ఏళ్ళుగా బల్ల ముందున్న పొడుగు స్టూలు అతనిది. టీ గ్లాసు పోకూడని ఆ గదిలోకి, మామా కూడా తలుపు కొట్టి గుమ్మంలోనే నిలబడే ఆ గదిలోకి కన్నబాబు చెప్పులు విడిచి దర్జాగా వెళ్ళేవాడు. మిగతా డ్రైవర్లు కార్లు తుడుచుకుంటుంటే తను బాబా భుజం పక్కన కూర్చునేవాడు. ఊళ్ళో వాళ్ళకి ఫోన్లో చెబితే నమ్మేవారు కాదు. నమ్మకపోతే పోనీ, బాబా తనని "ఉస్తాద్" అని పిలుస్తాడు, అది చాలు.

ఇన్నాళ్ళూ వాళ్ళు చేసింది తేలిక గుండు తూటాలు. తేలిక గుండు రివ్వున పోతుంది, దగ్గర్లో ఉన్నవాటికి అదే చాలు. అయితే ఈసారి బాబా వెళ్ళబోయే చోట మేకలు లోయకి అవతలి గట్టు మీద కనిపిస్తాయట. మధ్యలో ఈదురుగాలి. తేలిక గుండు అంత దూరం చేరేసరికి వేగం చచ్చి, గాలి ఎటు తోస్తే అటు పోతుంది. తగిలినా లోతుకి దిగదు, మేక గాయంతో పారిపోయి ఎక్కడో రాళ్ళ సందున పడి చస్తుంది. "అది హరామ్" అన్నాడు బాబా. అందుకని బరువు గుండ్లు తెప్పించాడు. పొడుగ్గా, సూదిమూతితో, చేతిలో పెట్టుకుంటే వాటి బరువు తెలిసేలా ఉన్నాయవి. బయల్దేరడం కాస్త నెమ్మది, పట్టిన వేగం మాత్రం ఓ పట్టాన వదలవు, గాలికి అంతగా లొంగవు.

గుండు మారితే మందూ మారాలి. పాత మందు గబుక్కున కాలిపోతుంది. ముందు బరువు గుండు అడ్డంగా ఉంటే, అది కదిలేలోపే మంటంతా ఇరుకు డొప్పలో పుట్టి, పోవడానికి దారి లేక వెనక్కి, అంటే పేల్చేవాడి మొహం మీదికి తంతుంది. బరువు గుండుకి నెమ్మదిగా కాలుతూ, తుపాకీ గొట్టం పొడవునా వెనకుండి తోసుకొచ్చే మందు కావాలి. ఈ తేడా మరిచిపోయిన స్నేహితుడొకడు బాబాకి ఉన్నాడు. అతని తుపాకీలో విరిగిన ఉక్కు ముక్కని బాబా గది గోడకి మేకు కొట్టి వేలాడదీశాడు. ఆ స్నేహితుడు ఇప్పుడు ఒక కంటితోనే చూస్తాడు. కన్నబాబు గదిలో అడుగుపెట్టిన మొదటి రోజు బాబా చెప్పిన మొదటి పాఠం అది. బల్ల మీద ఎప్పుడూ ఒక్క మందు డబ్బాయే ఉండాలి. పని అవగానే, మందు కొలిచి డొప్పల్లోకి వదిలే యంత్రం పైనున్న గొట్టంలో మిగిలింది అదే డబ్బాలో పోసి మూత పెట్టాలి. డబ్బా ఖాళీ అయినా సరే, గొట్టం ఖాళీ అయ్యేదాకా దాన్ని బల్ల మీంచి తీయకూడదు.

కొత్త మందు ఎంచుకోవడానికే వారాలు పట్టింది. ఒకటి పొద్దున్న చల్లదనంలో బాగా పనిచేసి, ఎండెక్కితే రెచ్చిపోయింది. ఇంకొకటి చలికి డీలా పడింది. కొండ మీది చలిలో పరీక్షించాలంటే బహ్రెయిన్‌లో చలెక్కడిది? బాబా తూటాల్ని కవర్లో చుట్టి వంటింటి ఫ్రీజర్లో చేప ముక్కల పక్కన పెట్టించాడు. మామా వారం రోజులు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. ఆ తూటాలు ఐసు పెట్టెలో క్లబ్బుకి మోసుకుపోవడం కన్నబాబు పని. చల్లటి తూటా, ఎండకి పెట్టిన తూటా, రెండూ కాగితం మీద ఒకే ఎత్తులో చిల్లు పెడితే ఆ మందు మంచిదని లెక్క. ఆఖరికి అలాంటి మందొకటి దొరికింది.

అంతవరకూ బాగానే ఉంది. ఒక సాయంత్రం కన్నబాబు మామాని ఉమ్మ్ అల్ హస్సామ్‌లో టైలర్ షాపుకి తీసుకెళ్ళి వచ్చేసరికి, తన స్టూలు మీద దుర్గ కూర్చుని ఉంది.

కాఫీ తెచ్చి గుమ్మంలో నిలబడ్డ మనిషిని బాబాయే లోపలికి పిలిచి, తక్కెడ పళ్ళెం పట్టుకోమన్నాడట. ఆమె చిన్న చెంచాతో మందు జారుస్తోంది. వేలి సందుల్లోంచి ముగ్గు పిండి జార్చినట్టు ఒక్కో పలుకే పడుతోంది. బాబా ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. తక్కెడ ముల్లు గీత మీద నిలబడింది.

"షూఫ్, కన్నబాబూ, షూఫ్!" అన్నాడు బాబా, చూడు చూడు అని, అప్పుడే పుట్టిన మనవణ్ణి చూపించినంత సంబరంగా.

కన్నబాబు చూశాడు. "కూరలో ఉప్పు సరిగ్గా వెయ్యడం రాదు గానీ..." అన్నాడు తెలుగులో.

"ఉప్పు తక్కువైందని మీరెప్పుడైనా కంచం వదిలేశారేంటండీ?" అంది దుర్గ, తల తిప్పకుండానే.

తర్వాత బాబా ఒక పరీక్ష పెట్టాడు. గుండు ఒకటే, మందు ఒకటే, తూకం ఒకటే. కొన్ని తూటాలు కన్నబాబు చెయ్యాలి, కొన్ని దుర్గ. శుక్రవారం క్లబ్బులో రెండూ పేల్చి కాగితాలు ఇంటికి తెచ్చి బల్ల మీద పరిచాడు. కన్నబాబు చిల్లులు చేటలో చెదిరిన మినుముల్లా ఉన్నాయి. దుర్గవి ఒక్క ఖర్జూరం పెడితే కప్పడిపోయేలా ఉన్నాయి. దగ్గరి దూరానికి కన్నబాబు చేతి నిలకడ చాలేది. దూరం పెరిగేకొద్దీ ఇక్కడ ఒక్క పలుకు తేడా అక్కడ మూరెడవుతుంది.

"గుండు సేమ్, మందు సేమ్. చెయ్యి వేరే" అన్నాడు బాబా. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆ రోజు నుంచి బరువు గుండు తూటాలు దుర్గవి. బాబా మేనల్లుళ్ళు సరదాకి కాల్చుకునే తేలిక గుండు తూటాలు కన్నబాబువి. అవి కూడా బాబా, దుర్గ బల్ల దగ్గర లేని వేళల్లో చేసుకోవాలి. ఉస్తాద్ అన్న పిలుపు ఎప్పుడు ఆగిపోయిందో తెలియలేదు గానీ ఆగిపోయింది. ఐసు పెట్టె మోయడం మాత్రం ఆగలేదు.

దానికి తోడు భూమేష్. తోటమాలి, జగిత్యాల దిక్కు మనిషి, గల్ఫ్ అంతా అతనికి దుబాయే, నోరు ఊరుకోదు. "ఏందన్నా, వదినె తూటాలు జేస్తున్నదట గదా! ఇగ నువ్వు జర వంట నేర్చుకో. దుబాయికచ్చి ఇద్దరు డ్యూటీలు మార్చుకున్నోళ్ళను మిమ్ములనే జూసిన" అని పైపు పట్టుకుని మొక్కలు తడుపుతూ పకపకా నవ్వేవాడు.

కన్నబాబు నవ్వలేదు. అన్నం దగ్గర కూర్చుంటే దుర్గ వేళ్ళకేసి చూసేవాడు. పొట్టిగా, గోళ్ళు అరిగి, పసుపు పట్టిన వేళ్ళు. వాటిలో ఏముందని? రొయ్యలు వలిచీ వలిచీ వచ్చిన నిలకడ తప్ప. తను స్టీరింగ్ పట్టుకుంటే బాబా కారులో నిద్రపోతాడే, అది నిలకడ కాదా? పక్కన పెళ్ళాం గురకపెడుతుంటే, నిద్రలో కూడా ఈమెకి గర్వమే అనిపించేది. దుర్గకి నిజంగా గర్వం వచ్చిందా అంటే, వచ్చింది, కాస్త. ఎందుకు రాకూడదు? ఊరొదిలి వచ్చాక ఆమెని ఒక మగవాడు "శాబాష్" అనడం అదే మొదలు, ఆ మగవాడు మొగుడు కాడు.

ఒక మంగళవారం పొద్దున్న బాబా ఎవరినో పలకరించడానికి వెళ్ళాడు. మామా దుర్గని వెంటబెట్టుకుని, తన కొడుకు కారులో జిదాఫ్స్ బజారుకి చేపలకి వెళ్ళింది. కన్నబాబు గదిలో ఒక్కడే కూర్చుని మేనల్లుళ్ళ తూటాలు చేస్తున్నాడు. పాత మందు డబ్బా అడుగంటింది. ఉన్నదంతా గొట్టంలో వంపేసి, ఖాళీ డబ్బాని చెత్త సంచిలో పడేశాడు. గొట్టం ఖాళీ కాకుండా డబ్బా తీయకూడదని ఎవరికి తెలియదు? ఇంత వెధవ పనికి అంత నియమమెందుకని అతని ఉక్రోషం.

పని అయ్యాక గొట్టంలో గుప్పెడు మందు మిగిలింది. అప్పుడతను అల్మరా తెరిచి దుర్గ వాడే కొత్త మందు డబ్బా తీశాడు.

ఎందుకు తీశాడంటే, చూద్దామని. అందులో ఏం ప్రత్యేకత ఉందో, ఆమె చేతిలో ఎందుకంత బాగా మాట వింటోందో, తన చేతిలో ఎందుకు వినలేదో చూద్దామని. బల్ల మీద పెట్టి మూత తీశాడు. వాసన చూశాడు. వేలితో కదిపాడు. తన పాత మందులాగే నల్లటి సన్న పుల్లల ముక్కలు, ఆవాలంత. రెండూ పక్కపక్కన పోస్తే బాబా కూడా ఏది ఏదో చెప్పలేడు. దుర్గ చెంచా తీసుకుని ఆమెలాగే జార్చి చూశాడు. బుడుంగున కుప్పగా పడింది. మళ్ళీ జార్చాడు. మళ్ళీ కుప్పే.

గేటు దగ్గర కారు ఆగింది. మామా గొంతు, దుర్గ గొంతు, చేపల సంచుల చప్పుడు.

తను దుర్గ చెంచా పట్టుకుని ఆమెలా చెయ్యబోతుండగా ఆమె చూస్తే! ఆ ఊహకే కన్నబాబు చెవులు వేడెక్కాయి. గబగబా బల్ల సర్దేశాడు. పని అయ్యాక గొట్టంలో మిగిలింది బల్ల మీదున్న డబ్బాలో పోయాలి. ఏళ్ళ తరబడి చేతికి అలవాటైన పని. చెయ్యి ఆ పని చేసేసింది. బల్ల మీద ఉన్న ఒకే ఒక్క డబ్బా దుర్గది. మూత బిగించి అల్మరాలో పెట్టి తలుపు మూశాకే తనేం చేశాడో అతని బుర్రకెక్కింది.

గబుక్కున కాలే మందు గుప్పెడు, నెమ్మదిగా కాలే మందు మీద పడింది. అదీ పైపైన. రేపు దుర్గ డబ్బా వంపితే ముందు జారేది అదే.

"అక్కడేం చేస్తున్నారండీ?" దుర్గ వాకిట్లోంచి పిలిచింది.

"నీకెందుకే? నా డ్యూటీ నేను చేసుకుంటన్నాను."

అప్పుడే చెప్పెయ్యాల్సింది. ఒక్క డబ్బా మందు పారబోస్తే పోయేది. కానీ చెప్పాలంటే ముందు ఆ డబ్బా ఎందుకు తీశావన్న ప్రశ్న వస్తుంది. నీ చెంచా పట్టుకుని నీలా జార్చి చూశానని పెళ్ళాంతో ఎలా చెబుతాడు? భూమేష్ చెవిన పడితే ఇక బతకనిస్తాడా? సాయంత్రం చెబుదామనుకున్నాడు. సాయంత్రం, పొద్దున్న చెబుదామనుకున్నాడు.

పొద్దున్న బాబా, దుర్గ బల్ల ముందు కూర్చున్నారు. కన్నబాబు గుమ్మంలో నిలబడ్డాడు. దుర్గ డబ్బా మూత తీసింది.

"దుర్గా" అన్నాడు.

"ఊఁ?"

గొంతు దాకా వచ్చింది.

"ఆ గుమ్మంలోంచి కాస్త తప్పుకుని తలుపెయ్యండి. గాలికి తక్కెడ ఊగుతోంది" అంది దుర్గ.

వచ్చింది వచ్చినట్టే లోపలికి పోయింది. తను తప్పుకోవాలి! తక్కెడ నిలబడటానికి కూడా తను అడ్డమే! కన్నబాబు వెళ్ళి కారు తుడిచాడు. తుడిచిందే తుడిచాడు. గుప్పెడంటే ఎంత, అని తనకి తనే నచ్చజెప్పుకున్నాడు. మహా అయితే గుండ్లు చెదురుతాయి. చెదరనీ. ఖర్జూరం కింద కాదు, పెద్ద పళ్ళెం కింద కూడా కప్పడకుండా చెదరనీ. అప్పుడు తెలుస్తుంది బాబాకి, చెయ్యి వేరో కాదో. గోడకి వేలాడుతున్న ఉక్కు ముక్క ఒకటి రెండుసార్లు కళ్ళముందుకి వచ్చింది. కారు అద్దం మీద ఇంకా గట్టిగా రుద్దాడు.

శుక్రవారం క్లబ్బుకి దుర్గని కూడా రమ్మన్నాడు బాబా. తను చేసిన తూటాలు ఎలా పోతాయో ఆమె కళ్ళతో ఆమె చూడాలని. దుర్గ ఉతికిన పంజాబీ డ్రెస్సు వేసుకుని, చున్నీ పిన్నుతో బిగించుకుని, వెనక సీట్లో తూటాల డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కన్నబాబు అద్దంలోంచి చూశాడు. ఆమె కిటికీలోంచి ఎడారిలో పాకుతున్న ఆయిల్ పైపుల్ని చూస్తూ సన్నగా ఏదో పాడుకుంటోంది. పాడుకుంటోంది!

క్లబ్బులో అంతా ఎప్పటిలాగే జరిగింది. కన్నబాబు దూరంగా కాగితాలు కట్టి వచ్చాడు. ఇసక సంచులు సర్దాడు. బాబా తుపాకీని సంచుల మీద ఆనించి, డబ్బాలోంచి మొదటి తూటా తీసి లోపల పెట్టి, గడియ బిగించాడు. చెవుల మీద డిప్పలు, కళ్ళకి అద్దాలు పెట్టుకున్నాడు. చెంప తుపాకీ చెక్కకి ఆనించాడు.

కన్నబాబు అప్పటికే నాలుగడుగులు వెనక్కి వేసి, రేకుల షెడ్డు స్తంభం వెనక నిలబడ్డాడు. రెండు చెవులూ గట్టిగా మూసుకున్నాడు. కళ్ళు కూడా మూసుకున్నాడు. నోరు మాత్రం, తెరవాల్సిన ఆ ఒక్కటీ, తెరవలేదు.

పేలలేదు. ఎంతకీ పేలకపోతే కళ్ళు తెరిచాడు. బాబా కుర్చీలోంచి లేచి నిలబడి నవ్వుతున్నాడు. దుర్గని రమ్మని చెయ్యి ఊపుతున్నాడు. "నువ్వు చేశావు, మొదటిది నువ్వే కాల్చు. యల్లా, తఆలి!"

దుర్గ సిగ్గుపడింది. "అయ్యబాబోయ్, నేనా?" అంది. అంటూనే వెళ్ళి కూర్చుంది. బాబా తన చెవి డిప్పలు తీసి ఆమెకి పెట్టాడు, అద్దాలు పెట్టాడు, భుజానికి తుపాకీ ఎలా ఆనించాలో చూపించాడు.

కన్నబాబుకి ముందు కలిగింది భయం కాదు. అబద్ధమెందుకు, కుళ్ళే. ఇన్నేళ్ళు! ఇన్నేళ్ళు ఇసక సంచులు మోశాడు, కాగితాలు కట్టాడు, డొప్పలు ఏరాడు, ఐసు పెట్టె మోశాడు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్క తూటా, ఇదిగో నువ్వు కాల్చరా అనలేదే ఈ ముసలాడు! నిన్న కాక మొన్న వచ్చి స్టూలెక్కిన దానికి...! తల దిమ్మెక్కిపోయింది. అంతలో దుర్గ చెంప చెక్క మీద వాలింది. ఆమె కన్ను ఆ ఉక్కు గడియకి జానెడు దూరంలో ఉంది.

"పేల్చకే!" అని అరిచాడు.

దుర్గకి వినిపించలేదు. బాబాకి వినిపించి, తిరిగి చూసి, నవ్వి, తల అడ్డంగా ఊపాడు. ఇతని సంగతి ఆయనకి తెలియనిదా? కన్నబాబు పరిగెత్తాడు. పరిగెత్తి, ఆమె భుజం మీంచి వంగి, గడియ పిడిని పైకి లాగేశాడు, అది లేస్తే తుపాకీ పేలదు. తుపాకీ దగ్గర కూర్చున్న మనిషి మీద చెయ్యి వేయడం ఆ క్లబ్బులో మహాపాపం. పక్క షెడ్లో వాళ్ళు లేచి నిలబడ్డారు.

దుర్గ చెవి డిప్ప ఒకటి పక్కకి జరుపుకుంది. మొహం ఎర్రబడిపోయింది. "ఏంటండీ ఇది పదిమందిలో? ఇక్కడ కూడా మీ కుళ్ళు ఆపుకోలేరా? ఒక్కసారి పేల్చనివ్వండి, మీ సొమ్మేం పోయింది?"

"కుళ్ళు కాదే..."

"మరింకేంటి?"

"ముమ్‌కిన్ నహీ, కుదరదు, కన్నబాబూ. దూరం జరుగు" అన్నాడు బాబా. ఇప్పుడు నవ్వడం లేదు.

ఎవ్వరూ నమ్మలేదు. వాళ్ళ తప్పేముంది? ఇన్ని నెలలుగా అతను చెప్పిన మాటలన్నీ ఆ ఒక్క రంగువే. ఇప్పుడు నిజం చెప్పినా అదే రంగు కనిపిస్తోంది. కన్నబాబు పిడి వదల్లేదు. వదలకుండానే, బాబాకేసి చూస్తూ, ఉన్న హిందీ అంతా కూడగట్టుకుని చెప్పాడు. పాత మందు, కొత్త మందు మిక్స్. తనే చేశాడు. మంగళవారం. దుర్గ డబ్బాలో. పైన.

బాబా మొహంలో రక్తం లేదు. గడియ వెనక్కి లాగి తూటా బయటికి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఇత్తడి డొప్ప, రాగి మూతి. మిగతావాటిలాగే ఉంది. చూసి చెప్పగలిగింది ఏమీ లేదు, కన్నబాబు మాట తప్ప వేరే సాక్ష్యం లేదు. బాబా అతని మొహంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత తూటాల డబ్బా మూత వేసి చంకలో పెట్టుకున్నాడు. వెనకున్న ఇంకో కుర్చీ కోసం చెయ్యి చాపి, తడుముకుని, కూలబడ్డాడు.

"ముందు నేనే కదా కూర్చున్నాను" అన్నాడు మెల్లిగా, ఎవరితోనూ కాదు.

ఇంటికొచ్చాక బాబా గదికి తాళం వేసి తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. "ఖలాస్. ఇకమీదట ఈ గదిలోకి ఎవరూ రావద్దు. నువ్వూ వద్దు. నువ్వూ వద్దు" అని ఇద్దరికీ చెరొకసారి వేలు చూపించాడు. ఉద్యోగం తీసెయ్యలేదు. ఆ మాట కన్నబాబు మళ్ళీ అడిగి ఖాయం చేసుకున్నాడు. ఆ వేలు తన వైపు తిరిగినప్పుడు దుర్గ ఒక్కసారి బాబాకేసి చూసి తల దించుకుంది. ఆమె చేసిన తప్పేమిటి? ఏమీ లేదు. కాకపోతే, ఆయన ప్రాణం మీదికి తెచ్చినవాడు ఆమె పక్కన పడుకుంటాడు. ఆ భయం బాబాది, కాదనలేం.

ఆ స్టూలు దుర్గకి కూడా లేదని విన్నప్పుడు కన్నబాబు గుండెలో ఎక్కడో చల్లగా అయింది. అయినందుకు వెంటనే సిగ్గేసింది. సిగ్గు కాసేపే ఉంది, చల్లదనం ఇంకాస్త ఎక్కువసేపు ఉంది.

మధ్యాహ్నం దుర్గ వంటింటి వెనక గట్టు మీద కూర్చుని చేపలు శుభ్రం చేస్తోంది. పొలుసు ఎగిరి మోచేతులకి అంటుకుంటోంది. కన్నబాబు వెళ్ళి ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. పంపు కింద బకెట్టు నిండితే కట్టేశాడు. ఏదో ఒకటి అనాలి.

"నీ ప్రాణం కాపాడేనే ఇయ్యాల" అన్నాడు.

దుర్గ కత్తి ఆపింది. "ఎప్పుడు తెలుసు మీకు, మందు కలిసిందని?"

"మంగళవారమే."

"బాబా కూర్చున్నప్పుడు మీరెక్కడున్నారు?"

"స్తంభం వెనక."

"నోట్లో ఏం పెట్టుకున్నారు అప్పుడు?"

ఆమె చేపని తిప్పి, రెండో వైపు గీకడం మొదలుపెట్టింది. గీకుతూనే, గొంతు పెంచకుండా అడిగింది.

"ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పండి. నాకేదో అయిపోద్దని అరిచారా? ఆ తుపాకీ నా చేతికొచ్చిందని ఓర్చుకోలేక అరిచారా?"

కన్నబాబు నోరు తెరిచాడు. వెంటనే చెప్పెయ్యొచ్చు. ఏ మొగుడైనా చెప్పేస్తాడు. కానీ ఆమె నిజం చెప్పమంది, అతను మొదటిసారిగా నిజంగా వెతికి చూసుకున్నాడు. షెడ్డు, స్తంభం, చెక్క మీద వాలిన చెంప, తల దిమ్మెక్కడం, కాళ్ళు కదలడం. అరుపు ఎక్కడ మొదలైంది? ఏది ముందు? పంపు చివర నీటి చుక్కలు పడుతున్నాయి. గోడ అవతల భూమేష్ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"నీకోసమేనే" అన్నాడు చివరికి. "ఒట్టు. నీకోసమే."

దుర్గ చేపల గిన్నె చంకనెత్తుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది. ఆమె కళ్ళలో కోపం కూడా లేదు.

"ఆ మాట చెప్పడానికి ఇంతసేపు ఆలోచించారేంటండీ?" అంది.